రాడార్ గది నుంచి పిల్లల క్లినిక్ దాకా

ఏకాగ్రత నిలవకపోవడం, కుదురులేకపోవడం ఉండే ఏడీహెచ్‌డీ అనే సమస్యను పట్టడానికి ఇప్పుడు కంప్యూటర్ పరీక్షలు వాడుతున్నారు. వాటి కథ రాడార్ గదిలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు జలాంతర్గాముల కోసం గాలించే బ్రిటిష్ రాడార్ ఆపరేటర్లు, డ్యూటీ మొదలైన కాసేపటికే తెర మీద చుక్కలను గమనించలేకపోయేవారు. కారణం వెతికిన మనస్తత్వవేత్త నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం తయారుచేశాడు. ముల్లు ఒక్కో అడుగు కదులుతూ, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. దాన్ని కనిపెట్టి మీట నొక్కాలి. మొదటి అరగంట తర్వాత జనానికి తప్పులు పెరుగుతున్నాయని 1948లో ఆయన ప్రకటించాడు.

1956లో అమెరికాలో రోజ్‌వోల్డ్, మిర్‌స్కీ బృందం ముల్లుకు బదులు అక్షరాలు పెట్టింది. 'ఎక్స్' కనిపిస్తే నొక్కాలి. వాళ్లు వెతికింది మెదడు దెబ్బతిన్నవాళ్లను. ఏడీహెచ్‌డీ అనే పేరే అప్పటికి లేదు. కుదురులేని పిల్లల అసలు ఇబ్బంది ఏకాగ్రతదేనని 1970లలో కెనడాలోని మాంట్రియల్‌లో మనస్తత్వవేత్త వర్జీనియా డగ్లస్ వాదించాక ఈ పరీక్షకు కొత్త గిరాకీ వచ్చింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-3 జబ్బు పేరులోనే 'అటెన్షన్'ను చేర్చింది. తర్వాత కంప్యూటర్లలోకి వచ్చిన కానర్స్ పరీక్షలో 'ఎక్స్' తప్ప మిగతా అక్షరాలన్నిటికీ నొక్కాలి. టోవా అనే మరో పరీక్షలో అక్షరాలే ఉండవు, ఆకారాలే. స్వీడన్‌లో పుట్టిన క్యూబీటెస్ట్ తల కదలికల్ని కూడా కెమెరాతో కొలుస్తుంది.

మరి ఇవి ఎంతవరకు పట్టిస్తాయి? పిల్లలపై వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, జబ్బు ఉన్న నలుగురిలో సుమారు ముగ్గురిని గుర్తిస్తాయి. లేనివాళ్లలో 70 శాతం మందికి పైగా లేదని సరిగ్గా చెబుతాయి. వినడానికి బాగానే ఉంది. కానీ 100 మంది ఉన్న బడిలో పది మందికి ఏడీహెచ్‌డీ ఉందనుకోండి. దొరికేది ఏడెనిమిది మంది. వాళ్లతోపాటు ఏ జబ్బూ లేని పాతిక మందికి పైగా ఇరుక్కుంటారు! నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఉన్నా, పరీక్ష బోరుకొట్టినా స్కోరు పడిపోతుంది మరి.

వయసుతో లెక్క ఇంకా మారుతుంది. చిన్నపిల్లలు జబ్బు లేకపోయినా తొందరపడి నొక్కేస్తారు, అందుకే స్కోరును ఈడువాళ్లతోనే పోల్చాలి. పెద్దవాళ్లలో చాలామంది పావుగంట బిగబట్టుకుని నెట్టుకొస్తారు; ఆఫీసు పనిలో దొర్లే మతిమరుపు అందులో కనపడదు.

బ్రిటన్‌లో 6 నుంచి 17 ఏళ్లవాళ్లపై జరిగిన ఆక్వా ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. క్యూబీటెస్ట్ రిపోర్టు చేతికిస్తే డాక్టర్లు త్వరగా నిర్ణయానికి వచ్చారు, నిర్ధారణలో కచ్చితత్వం మాత్రం పెరగలేదు. 2024లో అక్కడ వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ ఆ వయసువాళ్లకే, అదీ డాక్టర్ పరిశీలనకు తోడుగా, దాన్ని వాడొచ్చంది.