గుండ్లకమ్మ రేవుకు ముందు 15 నెలలు

ఒంగోలు, కందుకూరు, కావలి ప్రాంతాల పాత బాప్టిస్టు సంఘాల్లో పాపక్షమాపణ ఎప్పుడు కలుగుతుందన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది. తాతల నాటి నుంచి ఒకే మందిరంలో ఆరాధిస్తున్న కుటుంబాల్లోని యువతీ యువకులు కొందరు, తాము పొందిన బాప్తిస్మం పాపక్షమాపణ కోసం పొందినది కాదు గనుక అది చెల్లదని చెప్పే బోధకుల మాట నమ్మి, పొరుగు సంఘానికి వెళ్లి మళ్లీ నీళ్లలో మునుగుతున్నారు. తల్లిదండ్రులు ఒకచోట ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసాల్లో, పాలుపొందుతుంటే పిల్లలు ఆ బల్లను ముట్టడం లేదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, చివరికి సమాధి కార్యక్రమం ఏ అయ్యగారు జరిపించాలన్న దగ్గర కూడా ఈ తేడా బయటపడుతోంది. పాపం నుంచి మనిషికి విడుదల ఎప్పుడు కలుగుతుంది, క్రీస్తును నమ్మినప్పుడా, నీటిలో మునిగి లేచినప్పుడా అన్నదే తగాదాకు మూలం. దీన్ని ఇద్దరు బోధకుల మధ్య పోటీగా చూసేవారున్నారు కానీ, ఈ జిల్లాల చరిత్ర తెలిసినవారెవరూ అంత తేలికగా తీసుకోలేరు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డే దొర 1840లో నెల్లూరు చేరడం, ఫలితం లేదని మిషన్‌ను మూసేయాలని అమెరికాలో 1853లో జరిగిన చర్చ, దాన్ని నిలబెట్టిన 'ఒంటరి నక్షత్రం' పద్యం, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూవెట్ దంపతులు నెల్లూరు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండమీద చేసిన ప్రార్థన ప్రతి సంఘ వార్షికోత్సవంలోనూ వినిపించేవే. ఇప్పటి వివాదానికి వాటితో పెద్దగా పని లేదు. పని ఉన్నది 1877, 1878 సంవత్సరాలతో. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, గుండ్లకమ్మ నది మీది వెల్లంపల్లి రేవులో వేలమందికి బాప్తిస్మాలు జరిగిన ఆ మూడు రోజులతో కాదు, వాటికి ముందు బాప్తిస్మాలే జరగని సుమారు 15 నెలలతో.

1876లో మొదలైన మహా కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగాన్ని పట్టి పీడిస్తున్న రోజులవి. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా. యవ్వనంలో అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర, కరువు పని కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, పల్లెల నుంచి ఆకలితో తరలివచ్చిన జనానికి కూలి దొరికేలా చేశారు. సంఘ బోధకులే మేస్త్రీలుగా నిలిచారు. తవ్వకం ఆగిన వేళల్లో, మట్టి తట్టలు దించి కూర్చున్న కూలీల మధ్య ఆ బోధకులు ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరకు రమ్మన్న క్రీస్తు మాటను మళ్లీ మళ్లీ చెప్పారు. తలమీద తట్ట ఆనిన చోట నొప్పి ఇంకా తగ్గని మనిషి 'భారము మోసికొనుచున్న సమస్త జనులారా' అన్న పిలుపు వింటే అది ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా? వేలమంది నమ్మారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ దొర ఇవ్వలేదు. చేతిలో కూలి డబ్బు ఉన్న మనిషి బాప్తిస్మం ఇస్తే, అడిగేవాడు అన్నం కోసం అడుగుతున్నాడా, క్షమాపణ కోసం అడుగుతున్నాడా అన్నది దేవునికి తప్ప ఎవరికీ తెలియదు. కరువు సాయం తన చేతుల మీదుగా నడుస్తున్నంత కాలం రేవు మూసి ఉంచాలన్నది ఆయన నిర్ణయం. 1878 జూన్ నాటికి సాయం డబ్బు అయిపోయింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు, వెళ్లిపొమ్మని చెప్పినా జనం కదలలేదు. తమకు డబ్బు వద్దని, కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులే తమ కష్టానికి సాక్ష్యమని, మళ్లీ వానలు పడకపోతే చనిపోతామని, అయితే క్రైస్తవులుగానే చనిపోవాలని ఉందని వారు చెప్పినట్లు ఆయన తర్వాత రాసుకున్నారు.

అప్పుడు తెరుచుకుంది రేవు. ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా, ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలబడి ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ పని చేశారు. ఆ ఒక్క రోజు సంఖ్యను మన సంఘాలు ఎంతగా తలచుకున్నాయంటే, దాని వెనుక ఉన్న నిరీక్షణ మరుగున పడిపోయింది.

ఆ నిరీక్షణలో ఉన్నవారి స్థితి ఏమిటన్నదే ఇప్పటి తగాదాకు అసలు ప్రశ్న. వారు నమ్మారు, ప్రార్థించారు, గ్రామదేవత కొలుపుల్లో డప్పు కొట్టడం మానారు. నీటిలో మాత్రం దిగలేదు, దిగనివ్వలేదు. కరువు, దాని వెంట వచ్చిన కలరా వారిలో ఎంతోమందిని రేవు తెరవక ముందే తీసుకుపోయాయి. పాపం పోయేది బాప్తిస్మపు నీటిలోనే అయితే, వారందరూ పాపాల్లోనే చనిపోయారని చెప్పాలి. కరువు నాటి మాటలు పెద్దల నోట విన్న నాకు, ఏ ముసలమ్మా తన అత్తగారి అత్తగారిని గురించి అలా అనగా వినలేదు. 'ప్రభువులో నిద్రించింది' అనే చెప్పుకున్నారు. ఆ ఒక్క మాటలో ఒక సంఘం నమ్మిక మొత్తం ఉందని నేను అనుకుంటాను.

దీనికి పదేళ్ల ముందరి సంగతి ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అంతకుముందు సంవత్సరం బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య, తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. క్రీస్తును గురించి వినడానికి చాలా ముందే రాజయోగం అనే ధ్యాన సాధన చేసిన మనిషి. విముక్తి అనే ఆలోచన ఆయనకు దొరలు నేర్పినది కాదు, ఆయనే దాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన వెంట వచ్చినవారి ముందు సంఘం మూడు కట్టుబాట్లు పెట్టింది: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పుకోవడానికి చిన్నవే. కానీ చచ్చిన గొడ్డును ఈడ్చడం, దాని తోలుతో రైతుకు చెప్పులూ మోట సామానూ కుట్టివ్వడం, కొలుపుకు డప్పు కొట్టడం మాదిగవాడకు ఊరు అప్పగించిన చాకిరీ. ఆదివారం రాననడం, డప్పు ముట్టననడం ఊరి పెద్దలకు తిరుగుబాటుగా కనిపించింది. పని మాన్పించారు, నీళ్లకు అడ్డుపడ్డారు. కాబట్టి ఈ నేలమీద పాపవిముక్తి అన్నది మొదటి తరానికి మనసులో జరిగి ఊరుకున్న సంగతి కాదు. సోమవారం నాడు రైతు వాకిట్లో దానికి వెల కట్టాల్సి వచ్చింది. పాపము మీమీద ప్రభుత్వము చేయదు అని రోమా పత్రిక ఆరో అధ్యాయంలో ఉన్న మాటలో 'ప్రభుత్వం' అంటే ఏమిటో వారికి వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

ఇక నీటిలోనే పాపం పోతుందనే రెండో పక్షం వాదన. అపొస్తలుల కార్యములు 2:38లో మారుమనస్సు పొంది 'పాపక్షమాపణ నిమిత్తము' బాప్తిస్మం పొందమని పేతురు చెప్పాడు. 22:16లో బాప్తిస్మం పొంది పాపాలు కడిగివేసుకొమ్మని అననీయ పౌలుతో అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చదవమని వారు అడుగుతారు. ఈ బోధ వెనుక 19వ శతాబ్దం తొలి దశకాల్లో అమెరికాలో అలెగ్జాండర్ కాంప్‌బెల్ నడిపిన ఉద్యమం ఉంది. ఆయన మొదట బాప్టిస్టులతో కలిసి ఉండి, ఈ విషయం మీదే వారితో తేడా పడి 1830 ప్రాంతంలో విడిపోయిన వ్యక్తి. ఆ ధార నుంచి వచ్చిన సంఘాలు మన కోస్తాలో బలపడింది గత శతాబ్దం రెండో సగంలో. అంటే ఇప్పుడు మన వీధిలో వినిపిస్తున్న వాదం, డే దొర ఓడ ఎక్కకముందే అక్కడ ఒక ఇంటిని చీల్చిన వాదమే.

నిమిత్తం అన్న మాట మన భాషలో రెండు వైపులకూ తిరుగుతుంది. చదువు నిమిత్తం నెల్లూరు వెళ్లాడంటే చదువు కోసం అని అర్థం. అనారోగ్య నిమిత్తం సెలవు పెట్టాడంటే అనారోగ్యం వల్ల అని. గ్రీకు మూలంలోని 'ఎయిస్' అనే చిన్న పదం మీద కూడా సరిగ్గా ఇదే పేచీ ఉంది. క్షమాపణ దొరకడం కోసం బాప్తిస్మమా, దొరికినందువల్ల బాప్తిస్మమా? నీనెవె వారు యోనా ప్రకటన విని మారుమనస్సు పొందారని చెప్పే మత్తయి 12:41లోనూ అదే పదం ఉందని, అక్కడ 'వల్ల' అన్న అర్థమే కుదురుతుందని బాప్టిస్టులు చూపిస్తారు. వ్యాకరణం ఒక్కటే తూకం వేస్తే 'కోసం' అన్న వైపే బరువు ఎక్కువని ఒప్పుకోవాలి. అయితే అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటివారు నీటిని చూడకముందే పరిశుద్ధాత్మను పొందారు, పేతురే అందుకు సాక్షి; యేసు పక్కన సిలువ మీద క్షమాపణ పొందిన దొంగ రేవు దాకా వెళ్లలేదు. వాక్యాన్ని అంతటినీ కలిపి చదివితే, నీరు క్షమాపణను పుట్టించదు, దాన్ని నలుగురి ముందు ఒప్పుకుంటుంది అన్న పాత సంఘాల మాటే నిలుస్తుందని నా నమ్మకం.

అలాగని పాత సంఘాలను వెనకేసుకురావడానికి లేదు. పిల్లలు వెళ్లిపోవడానికి వారే దారి వేశారు. 15 నెలలు ఆగి, మనిషిని పరీక్షించి, పేరు జాబితాలో రాసుకుని ఇచ్చిన బాప్తిస్మం, మూడు తరాలు తిరిగేసరికి పెళ్లికి కావలసిన కాగితంగా మారింది. శుక్రవారం అయ్యగారు ఫోన్ చేసి ఆదివారం తువ్వాలు తెచ్చుకొమ్మంటే వెళ్లి మునిగివచ్చిన కుర్రాణ్ణి నేనెరుగుదును. మందిరం పక్కన సిమెంటు తొట్టిలో నడుంలోతు నీటిలో నిలబడినప్పుడు, యేసు నీ పాపాలను క్షమించాడని నమ్ముతున్నావా అని అడిగితే, తల ఊపాడే గానీ ఏ పాపమో అతనికి తెలియదు. నాలుగేళ్ల తర్వాత తాగుడు నుంచి బయటపడ్డప్పుడు పొరుగు సంఘం వారు అతణ్ణి అదే ప్రశ్న అడిగారు; ఈసారి అతను ఏడ్చాడు. అతని దృష్టిలో విడుదల రెండో నీటిలో దొరికింది. నన్నడిగితే అది ఆ ఏడుపులోనే దొరికింది, నీటికి ఇంకా అరగంట ముందే. కానీ మొదటి సంఘం అతణ్ణి ఏనాడూ ఏడవనివ్వలేదన్న నింద మాత్రం నిజం.

మళ్లీ బాప్తిస్మం అన్న మాటకు నొచ్చుకునే బాప్టిస్టులు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పసితనంలో నీళ్ల చిలకరింపుతో బాప్తిస్మం పొందిన లూథరన్ కుటుంబాల వారు తమ సంఘంలో చేరవచ్చినప్పుడు, అది నమ్మి పొందినది కాదంటూ వారినీ నీటిలో ముంచినవారే వీరు. ఆనాడు లూథరన్లు ఎక్కువగా ఉన్న గుంటూరు వైపు నుంచి వచ్చిన కోడలు పుట్టింట్లో ఎంత బాధ పెట్టి ఉంటుందో, ఈనాడు తమ ఇంట్లో తెలుస్తోంది.

కొన్నిచోట్ల సంఘ పెద్దలు ఈ విషయమై కూర్చోబోతున్నారు. మళ్లీ మునిగినవారి పేర్లు రిజిస్టరు నుంచి కొట్టివేయాలా, ఉంచాలా అన్నది వారి ముందున్న పని. 1878 జూలైలో రేవు దగ్గర చదివిన బాప్తిస్మాల జాబితాల్లో, అంతకుముందు ఏడాది కాలువ గట్టున నమ్మి, రేవు తెరవకముందే కన్నుమూసినవారి పేర్లు ఉండే వీలు లేదు. వారిని సంఘంలోనివారు కాదని అనడానికి మాత్రం అప్పటి పెద్దల్లో ఎవరికీ నోరు రాలేదు.