ఉత్తమ కామిక్‌ను ఎన్నుకునే ‘ప్రజలు’ ఎవరు?

2011 ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ సీబీసీలో ఒక పుస్తకం ఒకే పోటీలో ఓడింది, గెలిచింది కూడా. 2002 నుంచి ఏటా జరిగే ‘కెనడా రీడ్స్’ కార్యక్రమంలో అయిదుగురు ప్రముఖులు తలా ఒక పుస్తకం తరఫున వాదిస్తారు. విడతకొక పుస్తకాన్ని తమలో తామే ఓటు వేసి తొలగిస్తూ పోతారు. చివరికి మిగిలినదే దేశమంతా చదవవలసిన పుస్తకంగా నిలుస్తుంది. పదో ఏడాది సందర్భంగా ఈసారి అభ్యర్థుల జాబితాను పాఠకుల సూచనలతో, పాఠకుల ఓట్లతో వడపోశారు. ఆ వడపోతలో నిలిచిన వాటిలో జెఫ్ లెమీర్ రాసి గీసిన ‘ఎసెక్స్ కౌంటీ’ని గాయని సారా క్విన్ ఎంచుకున్నారు. ఆ వేదికనెక్కిన తొలి బొమ్మల నవల అదే. ఇంత తక్కువ మాటలున్న దాన్ని నవల అనవచ్చా అన్న ప్రశ్న దగ్గరే చర్చ ఆగిపోయి, మొదటి విడతలోనే అది బయటికి వెళ్లింది. శ్రోతల కోసం విడిగా నిర్వహించిన ఓటింగ్‌లో మాత్రం మొదటి స్థానం దానికే దక్కింది.

ప్రజల ఓటు అనగానే దేశమంతా వరుసలో నిలబడి వేసినట్టు వినిపిస్తుంది గానీ, కామిక్స్ విషయంలో అది మొదటి నుంచీ చీటీ చేతికి అందినవాళ్ల ఓటే. ఆ చీటీని ఎవరు అచ్చు వేశారు, ఎవరికి పంపారు, ఎవరు లెక్కపెట్టారు అన్నది తెలిస్తే ఫలితంలో సగం ముందే తెలిసిపోతుంది.

అమెరికాలో 1954 నాటి సెనేట్ విచారణల తరువాత కామిక్స్‌కు పిల్లల్ని చెడగొట్టే సరుకన్న పేరు స్థిరపడింది. సాహిత్య బహుమతుల గడప తొక్కే ఆశ వాటికి లేదు. ఆ రోజుల్లో కామిక్స్ ప్రచురణ సంస్థ డీసీ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ ఉత్తరాల శీర్షికలో పాఠకుల పేర్లతో పాటు పూర్తి చిరునామాలు కూడా అచ్చు వేయడం మొదలుపెట్టారు. చిన్న మార్పే, కానీ ఎక్కడెక్కడో ఒంటరిగా చదువుకుంటున్న వాళ్లకు ఒకరి ఆచూకీ ఒకరికి దొరికింది. డెట్రాయిట్‌లో అధ్యాపకుడైన జెర్రీ బెయిల్స్ 1961లో ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమాన పత్రికను ప్రారంభించగా, మిస్సోరీకి చెందిన రాయ్ థామస్ సినిమాలకు ఆస్కార్లు ఉన్నట్టు కామిక్స్‌కు మనమే బహుమతులు పెడదామని ప్రతిపాదించారు. అలా పుట్టినవే ‘ఆలీ’ అవార్డులు. ‘ఆలీ ఊప్’ అనే పాత స్ట్రిప్‌లోని గుహమానవుడి పేరది. కాలక్రమంలో అందరికంటే ముందు పుట్టిన వీరుడు గుహమానవుడే అయి ఉండాలని థామస్ చమత్కారం.

ఓట్లు పోస్టులో వచ్చేవి. 1963 సంవత్సరపు ఓట్లను లెక్కించడానికి బెయిల్స్ 1964 మార్చిలో ఒక శని, ఆదివారాలు తోటి అభిమానులను తన ఇంటికే పిలిచారు. ఉత్తరాల్లో మాత్రమే పరిచయమున్న వాళ్లు కొందరు మొదటిసారి ముఖాముఖి కలుసుకున్నది ఆ చీటీల కట్టల మధ్యనే. అదే ఏడాది మొదలైన కామిక్స్ సమ్మేళనాలకు ఆ రెండు రోజుల లెక్కింపే నాంది అంటారు. ఎవరు గెలిచారన్న దానికంటే ఈ కలయికే ఎక్కువ కాలం నిలిచిందని నాకు అనిపిస్తుంది. అవార్డులు 1960ల దశకంతోనే ముగిశాయి.

బ్రిటన్‌లో అభిమానుల ఓటు 1977లో ‘ఈగిల్’ అవార్డులుగా వచ్చింది. 1950లో మొదలైన ప్రసిద్ధ బాలల వారపత్రిక పేరునే వాటికి పెట్టుకున్నారు. అయితే అక్కడి పాఠకులు స్వదేశీ వారపత్రికలతో పాటు అమెరికా నుంచి దిగుమతి అయినవీ చదివేవారు కనుక, చీటీలో బ్రిటిష్ కామిక్స్‌కు, అమెరికన్ కామిక్స్‌కు వేర్వేరు గళ్లు కావలసి వచ్చాయి. ‘దేశపు ఉత్తమ కామిక్’ అన్న మాటకు ఆ గడి గీతే ఆధారం.

అభిమానుల ఓటు మీద నమ్మకం సడలినప్పుడల్లా వృత్తిలో ఉన్నవాళ్లు ఆ పని తమ చేతిలోకి తీసుకున్నారు. 1985లో మొదలైన కర్బీ అవార్డులు మూడేళ్లకే ఆగిపోయి, 1988 నుంచి ఐస్నర్, హార్వీ అవార్డులుగా రెండుగా చీలాయి. ఐస్నర్‌లో అయిదారుగురు న్యాయనిర్ణేతలు నామినేషన్లు ఖరారు చేస్తారు. ఓటు రచయితలు, చిత్రకారులు, ప్రచురణకర్తలు, దుకాణదారులు వంటి ఆ రంగంలోని వాళ్లకే పరిమితం. అంత జాగ్రత్తలోనూ చీటీల గందరగోళం వల్ల 1990లో అవార్డులే ఇవ్వలేకపోయారు.

అందరికీ తలుపు తెరిస్తే ఏమవుతుందో 1988లోనే తెలిసింది. బ్యాట్‌మన్ సహాయకుడు రాబిన్ బతకాలా, చనిపోవాలా అన్నది తేల్చమని డీసీ సంస్థ రెండు ఫోన్ నంబర్లు ఇచ్చింది. కాల్‌కు 50 సెంట్లు, గడువు 36 గంటలు. చావు కోరినవి 5,343 కాల్స్, బతుకు కోరినవి 5,271; తేడా 72. ఎవరు ఎన్నిసార్లు చేశారో తెలిసే వీల్లేదు, డబ్బున్న వేలికి ఎన్ని ఓట్లయినా ఉన్నాయి. అది ఉత్తమ పుస్తకానికి వేసిన ఓటు కాకపోయినా, తరువాత వచ్చిన ఇంటర్నెట్ ఓటింగ్‌ల మీద వినిపించిన అనుమానాలన్నీ అందులో ముందే ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో 1974లో మొదలైన ఆంగులెమ్ కామిక్స్ ఉత్సవంలో చిక్కు ఇంకొక వైపు నుంచి వచ్చింది. 2016లో ఒక కళాకారుడి మొత్తం కృషికి ఇచ్చే పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ కోసం ఓటర్ల ముందుంచిన 30 పేర్లలో ఒక్క మహిళ కూడా లేరు. మహిళా కళాకారుల సంఘం బహిష్కరణకు పిలుపునిచ్చింది. రియాద్ సత్తూఫ్ మొదలుకొని పలువురు తమ పేర్లు వెనక్కి తీసుకున్నారు. నిర్వాహకులు జాబితానే రద్దు చేసి, వృత్తి కళాకారులు తమకు నచ్చిన ఎవరికైనా ఓటు వేయవచ్చని ప్రకటించారు. ఆ ఏడాది బెల్జియం చిత్రకారుడు హెర్మన్ ఎన్నికయ్యారు. అదే ఉత్సవంలో 2010 నాటి పాఠకుల బహుమతి కెనడాలోని క్యూబెక్‌కు చెందిన మిషెల్ రాబాలియాతి పుస్తకానికి వెళ్లిందంటే, ఓటు వేసే పాఠకుడికి సరిహద్దులు పెద్దగా అడ్డు కాలేదన్నమాట.

కెనడా సంగతికి వస్తే, అక్కడి గ్రామీణ జీవితాన్నీ హాకీనీ అల్లుకున్న ‘ఎసెక్స్ కౌంటీ’ని ప్రచురించింది అమెరికాకు చెందిన టాప్ షెల్ఫ్ సంస్థ. ‘కెనడా రీడ్స్’ను ఒక బొమ్మల పుస్తకం గెలవడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. ఆల్బెర్టా చమురు క్షేత్రాల్లో తాను పనిచేసిన రోజుల గురించి కేట్ బీటన్ గీసిన ‘డక్స్’ 2023లో చివరి వరకు నిలిచింది. ఆ తీర్పు ఇచ్చింది మాత్రం బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురే.