రూట్ బ్రిడ్జ్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

స్విచ్ కొనేముందు పది రకాలుగా లెక్కలు వేసేవాళ్లు కూడా రూట్ బ్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి "అదే చూసుకుంటుందిలే" అని వదిలేస్తారు. రూట్ బ్రిడ్జ్ అంటే మిగతా స్విచ్‌లన్నీ తమ దారులు లెక్క వేసుకోవడానికి ఆధారమయ్యే స్విచ్. లూప్ (ఫ్రేమ్‌లు గుండ్రంగా తిరిగే దారి) పడకుండా అదనపు లింక్‌లను ఆపే ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్) దాన్ని ఎంచుకుంటుంది. అది చూసుకునే మాట నిజమే, కాకపోతే మనకేది మంచిదో దానికి తెలియదు.

అపోహ: ఉన్నవాటిలో పెద్ద స్విచ్చే రూట్ అవుతుంది.

వాస్తవం: మోడల్, పోర్టుల వేగం, ఏవీ లెక్కలోకి రావు. ముందు ప్రయారిటీ (స్విచ్‌కి మనం పెట్టగల అంకె), అది సమానమైతే మ్యాక్ అడ్రస్ (తయారీలోనే వచ్చే హార్డ్‌వేర్ చిరునామా). ఏది తక్కువైతే అదే గెలుస్తుంది. డిఫాల్ట్ ప్రయారిటీ అన్నిటికీ 32768 కాబట్టి ఎవరూ ముట్టుకోని నెట్‌వర్క్‌లో తీర్పు మ్యాక్ అడ్రస్‌దే. పాత స్విచ్‌ల మ్యాక్ అడ్రస్‌లు చాలాసార్లు చిన్నవిగా ఉంటాయి. దాంతో మూలనున్న పాత యాక్సెస్ స్విచ్ (యూజర్ల కంప్యూటర్లు తగిలేది) రూట్ అయి కూర్చుంటుంది.

అప్పుడేమవుతుందో చూడండి. రెండు కోర్ స్విచ్‌ల (నెట్‌వర్క్ మధ్యలో ఉండే ప్రధాన స్విచ్‌ల) మధ్య 10 గిగాబిట్ లింక్ ఉంది. ఆ పాత స్విచ్ రెండింటికీ ఒక్కో గిగాబిట్ లింక్‌తో కలిసి ఉంది. ఎస్‌టీపీ లెక్కలో గిగాబిట్ లింక్ కాస్ట్ (దారి ఖర్చు, తక్కువైతే మేలు) 4, పది గిగాబిట్‌ది 2. రూట్‌కి నేరుగా వెళ్తే 4, పక్క కోర్ మీదుగా వెళ్తే 6. కాబట్టి కోర్లు రెండూ నేరు దారినే పట్టుకుంటాయి, మధ్యలో ఉన్న పెద్ద లింక్ ఒక చివర బ్లాక్ అయిపోతుంది. ఇక కోర్ల మధ్య ట్రాఫిక్ అంతా ఆ పాత స్విచ్ మీదుగానే! అలారం ఏదీ మోగదు, "నెట్ స్లో" అన్న ఫిర్యాదులు మాత్రం వస్తూనే ఉంటాయి.

అపోహ: సిస్కోలో 'రూట్ ప్రైమరీ' కమాండ్ ఇస్తే శాశ్వతంగా అదే రూట్.

వాస్తవం: ఆ కమాండ్ ఇచ్చిన క్షణానికి పరిస్థితి చూసి ప్రయారిటీని మామూలుగా 24576 పెడుతుంది. తర్వాత ఎవరైనా అంతకంటే తక్కువ ప్రయారిటీతో స్విచ్ తగిలిస్తే ఆ కమాండ్ మళ్లీ లెక్క వేయదు. నా మట్టుకు నేను 4096 గుణిజాల్లో ప్రయారిటీ అంకె నేరుగా రాస్తాను, రెండో కోర్‌కి దాని పై మెట్టు ఇస్తాను. వీలాన్ (ఒకే స్విచ్‌ల మీద విడదీసిన వేరు నెట్‌వర్క్) 10లో 24586 అని కనిపిస్తే కంగారు పడకండి, వీలాన్ నంబరు అందులో కలుస్తుంది.

అపోహ: ప్రయారిటీ సున్నా పెడితే ఇక ఎవరూ లాక్కోలేరు.

వాస్తవం: ఇంకో స్విచ్ కూడా సున్నాతో, చిన్న మ్యాక్‌తో వస్తే లాక్కుంటుంది. అసలు రక్షణ రూట్ గార్డ్, అంటే ఆ పోర్టు వైపు నుంచి వేరే రూట్ రాకుండా అడ్డుకునే సెట్టింగ్. కోర్ నుంచి యాక్సెస్ స్విచ్‌ల వైపు వెళ్లే పోర్టుల మీద పెట్టాలి. పొరపాటున యాక్సెస్ స్విచ్ అప్‌లింక్ (కోర్ వైపు వెళ్లే పోర్టు) మీద పెట్టారో, అసలైన రూట్ నుంచి వచ్చే బీపీడీయూలకే (స్విచ్‌లు పంపుకునే ఎస్‌టీపీ సందేశాలకే) ఆ పోర్టు మూసుకుపోతుంది.

అపోహ: మా దగ్గర లూప్ లేదు, ఎస్‌టీపీ ఆపేయొచ్చు.

వాస్తవం: ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి టీటీఎల్ (ఇన్ని మజిలీల తర్వాత ఆగిపో అనే లెక్క) లేదు. ఒక ప్యాచ్ కేబుల్ రెండు చివరలూ గోడ సాకెట్లలో గుచ్చితే చాలు, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్లే ఫ్రేమ్) తిరుగుతూనే ఉంటుంది.

అపోహ: రూట్ మార్చడం చిన్న పనే, పట్టపగలు చేసేయొచ్చు.

వాస్తవం: పాత ఎస్‌టీపీ ప్రమాణమైన 802.1డీలో పోర్టు తెరుచుకునే ముందు లిజనింగ్ దశలో 15, లెర్నింగ్ దశలో 15, మొత్తం 30 సెకన్లు ఆగుతుంది. ర్యాపిడ్ ఎస్‌టీపీ (దాని వేగవంతమైన రకం) ఉన్నచోట అంత పట్టదు గానీ, మధ్యలో ఒక్క పాత స్విచ్ ఉన్నా దాని వైపు ఆలస్యం తప్పదు. మెయింటెనెన్స్ టైమ్ తీసుకుని మార్చండి, మార్చాక ప్రతి వీలాన్‌లోనూ రూట్ ఎవరో చూడండి.