సైకలాజికల్ హారర్ సినిమాల్లో మనోవ్యాధి: అపోహలు – వాస్తవాలు

మానసిక వైద్యుడిగా నేను మనసులోని భయాలనూ, భ్రమలనూ చూపించే సైకలాజికల్ హారర్ సినిమాలను ఇష్టంగానే చూస్తాను. అయితే, "మావాడు ఎవరినైనా పొడుస్తాడా డాక్టరుగారూ?" అని తల్లులు వణుకుతూ అడిగినప్పుడు, ఆ భయంలో సగం తెర మీది నుంచి వచ్చిందని తెలిసి బాధ కలుగుతుంది.

అపోహ: మనసు ఒక్క రాత్రిలో అదుపు తప్పుతుంది.

వాస్తవం: చాలామందిలో అది వారాలు, నెలల తరబడి మెల్లగా జరుగుతుంది. 1965లో రోమన్ పొలాన్‌స్కీ తీసిన 'రిపల్షన్'లో, అక్క ఊరెళ్లాక లండన్ ఫ్లాట్‌లో ఒంటరిగా మిగిలిన కారొల్ కథ చూసినవారికి బీటలు వారే గోడలూ, వాటిలోంచి పొడుచుకొచ్చే చేతులూ గుర్తుంటాయి. నాకు మాత్రం గుర్తుండేది తోలు వలిచిన కుందేలు. అది పళ్లెంలోనే కుళ్లిపోతుంటుంది, బంగాళాదుంపలకు మొలకలు వస్తుంటాయి, ఆమె వాటిని పట్టించుకోదు. స్నానం మానేశాడనీ, తలుపు వేసుకుని కూర్చుంటున్నాడనీ, పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటోందనీ ఇంట్లోవాళ్లు నాతో చెప్పేది సరిగ్గా ఇదే. ఆ దశలోనే వైద్యుడి దగ్గరకు తీసుకురండి. వీలుకాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

అపోహ: లేని మనుషులు కనిపించడమే ప్రధాన లక్షణం.

వాస్తవం: భ్రమలు, భ్రాంతులు కలిగించే తీవ్ర మనోవ్యాధి అయిన స్కిజోఫ్రీనియాలో దృశ్యాలు కనిపించడం కన్నా మాటలు వినిపించడమే ఎక్కువ. సినిమాకు కంటికి కనిపించేది కావాలి కాబట్టి దర్శకులు దృశ్యాలను ఎంచుకుంటారు.

అపోహ: స్కిజోఫ్రీనియా అంటే ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు.

వాస్తవం: 1908లో స్విస్ మానసిక వైద్యుడు బ్లాయిలర్ 'చీలిన మనసు' అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టింది ఆలోచనకూ, భావోద్వేగానికీ పొంతన తప్పడాన్ని ఉద్దేశించి. హిచ్‌కాక్ సినిమా 'సైకో'లో నార్మన్, 'చంద్రముఖి'లో గంగ వంటి పాత్రలకు ఆధారమైన స్ప్లిట్ పర్సనాలిటీ అనే భావన వేరు; దానికి దగ్గరగా ఉండే డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ (ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు బయటపడే స్థితి) అరుదుగా కనిపించే మరో సమస్య.

అపోహ: మనోవ్యాధి ఉన్నవారు హంతకులవుతారు.

వాస్తవం: అత్యధికులు ఎవరి మీదా చెయ్యి చేసుకోరు, వారే ఇతరుల హింసకు గురయ్యే ప్రమాదం ఎక్కువ. కారొల్ చేత హత్యలు చేయించిన చోట, నేనెంతో మెచ్చే 'రిపల్షన్'తోనూ నాకు పేచీ ఉంది.

అపోహ: బాల్యంలో జరిగిన ఏదో ఒక్క సంఘటనే కారణం.

వాస్తవం: 'రిపల్షన్' చివర్లో కెమెరా పాత కుటుంబ ఫొటోలోని చిన్నపిల్ల చూపు దగ్గర ఆగుతుంది, ప్రేక్షకులు అక్కడే కారణం వెతుక్కుంటారు. "మా పెంపకంలోనే లోపమా?" అని తల్లిదండ్రులు నన్ను అడిగేదీ ఇలాంటి ఊహతోనే. వంశపారంపర్యం, మెదడు ఎదుగుదల, జీవితంలో ఎదురైన ఒత్తిళ్లు కలిసి తెచ్చే వ్యాధిని ఏ ఒక్క ఫొటోలోనూ, ఏ ఒక్క తల్లి తప్పులోనూ వెతకలేమని వారికి ఓపికగా వివరిస్తాను.