ఇరుకు దారుల 486

అటక మీద నుంచి దింపిన 486 కంప్యూటర్‌కి (ఇంటెల్ 486 ప్రాసెసర్ ఉన్న పాత పీసీకి) మంచి గ్రాఫిక్స్ కార్డు వేస్తే స్పీడు పెరుగుతుందా? కోనసీమ నుంచి భీమవరం దాకా పాత పీసీల పిచ్చి ఉన్నవాళ్లంతా ముందు అడిగేది ఇదే. కార్డు గుచ్చే స్లాటు చూడకుండా దీనికి జవాబు చెప్పలేం.

బోర్డు మీద నల్లగా, పొడుగ్గా, రెండు ముక్కలుగా కనిపించేది ఐసా స్లాటు. 1984లో ఐబీఎం పీసీ ఏటీతో వచ్చిన 16 బిట్ల దారి అది. నడిచేది 8 మెగాహెర్ట్జ్ దగ్గర. 486 డీఎక్స్2 ప్రాసెసర్ లోపల 66 మెగాహెర్ట్జ్‌తో పరుగెడుతున్నా, బొమ్మ తెర మీదకి చేరాలంటే ఈ దారినే రావాలి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా బోదె ఇరుకైతే శివారు చేను ఎండుతుంది కదా, ఇదీ అంతే. ఐసా మీద సెకనుకు మహా అయితే 8 మెగాబైట్లు పోతాయి, మామూలుగా అంతకన్నా తక్కువే. 640×480 చుక్కల తెరని 256 రంగుల్లో నింపడానికి ఒక్క బొమ్మకే 3,07,200 బైట్లు కావాలి. సెకనుకు 30 బొమ్మలంటే 92 లక్షల బైట్లు. ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ఈ లెక్క కుదరదు.

అందుకే డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం మీద నడిచే ఆనాటి గేముల్లో చాలావరకు 320×200 చుక్కలతో సరిపెట్టుకున్నాయి. అప్పుడు బొమ్మకి 64,000 బైట్లు చాలు. దీంట్లో ఇంకో సుళువు కూడా ఉంది. 1987లో వచ్చిన వీజీఏ అనే డిస్‌ప్లే పద్ధతిలో ప్రాసెసర్‌కి ఒకేసారి కనిపించే బొమ్మల మెమరీ 64 కిలోబైట్లు, అంటే 65,536 బైట్లు. 64,000 అందులో చక్కగా ఇమిడిపోతుంది. ఫలానా చుక్క మెమరీలో ఎక్కడుందో తెలియాలంటే వరుస సంఖ్యని (సున్నా నుంచి లెక్కపెట్టి) 320తో హెచ్చించి, అడ్డంగా ఎన్నోదో కలిపితే చాలు. నా మటుకు నాకు వీజీఏలో అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇదే. తెర పెద్దదయ్యేకొద్దీ మెమరీని ముక్కలు ముక్కలుగా మార్చుకుంటూ చూడాలి, ఆ మార్చే పద్ధతి ఒక్కో కంపెనీ చిప్పుకి ఒక్కోలా ఉండేది.

ఐసా వెనకాలే గోధుమరంగు ముక్క ఇంకొకటి ఉంటే అది 1992 నాటి వెసా లోకల్ బస్. 486కి ఉన్న 32 బిట్ల దారికే నేరుగా తగులుకుంటుంది. దానికి సరిపడే కార్డు దొరికితే వదలొద్దు. కాకపోతే బాగా పొడుగు; ఒక కొస నొక్కితే రెండో కొస లేస్తుంది, బోర్డు వంగుతుంది. తెల్ల పీసీఐ స్లాటుంటే బెంగే లేదు, సెకనుకు 133 మెగాబైట్ల దారి.

మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్టాటిక్ కరెంటుకి చిప్పు పోయే భయం ఎండు ప్రాంతాలకన్నా తక్కువే. ఆ తేమే కార్డు అంచున ఉన్న బంగారు పూత పళ్లకి చేటు. పూత అరిగిన చోట అడుగున ఉన్న రాగి చిలుం పడుతుంది. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. తళతళలాడే మాట నిజమే గానీ పూత కూడా కాస్త పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు గుడ్డ చాలు. అంతకంటే ముందు బోర్డు మీద గుండ్రటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉందేమో చూడండి. అది కారితే బయటికొచ్చేది క్షారం, పక్కనున్న రాగి గీతల్ని తినేస్తుంది. బ్యాటరీ పీకేసి, ఆ చోటుని వెనిగర్‌తో తుడిచి, తర్వాత శుభ్రం చేయాలి.

ఇక నెట్‌వర్క్ కార్డు. తల ప్రాణం తోకకొచ్చేది ఇక్కడే. పాత కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేవి నోవెల్ ఎన్‌ఈ2000 కార్డులు, వాటిని చూసి చేసిన నకళ్లు. కార్డుకి రెండు సంఖ్యలు మనమే ఇవ్వాలి: పోర్టు అడ్రసు (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే చోటు), ఇంటరప్ట్ నంబరు (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే గీత). పోర్టుకి 300 ఇస్తే సాధారణంగా గొడవుండదు. ఇంటరప్ట్ మాత్రం చాలా కార్డుల్లో 3 మీద పెట్టి ఉంటుంది, అది రెండో సీరియల్ పోర్టు వాడుకునేది. అప్పుడు వింతగా ఉంటుంది: డ్రైవర్ ఎక్కుతుంది, కార్డు తన హార్డ్‌వేర్ అడ్రసు సరిగ్గానే చూపిస్తుంది, కానీ పింగ్ కొడితే (ఇంకో కంప్యూటర్‌ని పలకరించి చూస్తే) ఉలుకూ పలుకూ ఉండదు. అడ్రసు చదవడానికి పోర్టు ఒక్కటి చాలు. ప్యాకెట్ వచ్చిందని ప్రాసెసర్‌ని తట్టాలంటే ఇంటరప్ట్ కావాలి, అది అందడం లేదన్నమాట. కార్డు మీది పిన్నుల్ని కలిపే చిన్న జంపరుతోనో, కార్డు సెటప్ ప్రోగ్రాంతోనో 10కి మారిస్తే చాలాసార్లు తీరిపోతుంది.

కార్డు వెనక గుండ్రటి బీఎన్‌సీ కనెక్టర్ ఒక్కటే ఉంటే కోయాక్సియల్ వైరు కావాలి. కేబుల్ టీవీ వైరు ముక్క అచ్చం అలాగే ఉంటుంది, ఊరూరా దొరుకుతుంది, దాన్ని మాత్రం వాడొద్దు. అది 75 ఓమ్‌ల వైరు, నెట్‌వర్క్‌కి కావాల్సింది 50. ఆ రెండూ కలిసే చోట సిగ్నల్ వోల్టేజీలో అయిదో వంతు వెనక్కి తిరిగొస్తుంది. రెండు కొసలా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు పెట్టేదీ ఈ తిరుగుటపా ఆపడానికే. అవి దొరక్కపోతే రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లు సమాంతరంగా (పారలల్‌గా) కలిపి సోల్డర్ చేసుకోవచ్చు. అన్నీ ఆపేసి కార్డుకి వైరు తగిలించే టీ ఆకారపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 25 ఓమ్‌లకి కాస్త అటూఇటూగా చూపాలి. 50 చూపితే ఒక కొస ఊడిందని అర్థం.

ఆర్‌జే45 సాకెట్ ఉన్న కార్డయితే ఇంట్లో రూటర్‌కే తగిలించొచ్చు. మామూలు గిగాబిట్ పోర్టుల్లో చాలావాటికి 10 మెగాబిట్ల వేగం ఇప్పటికీ తెలుసు. కార్డుని నడిపే ప్యాకెట్ డ్రైవర్, దాని మీద ఎంటీసీపీ అనే ఉచిత ప్రోగ్రాముల కట్ట వేస్తే డాస్ యంత్రం రూటర్ దగ్గర తన ఐపీ అడ్రసు తనే తెచ్చుకుంటుంది. వెబ్‌సైట్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఇప్పుడు దాదాపు అన్నీ ఎన్‌క్రిప్షన్ అడుగుతాయి, ఆ కాలం బ్రౌజర్లకి అది రాదు. ఇంట్లో ఇంకో కంప్యూటర్‌లో ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టుకుంటే చాలు. చదవడానికి నిమిషం దాకా పట్టే 1.44 మెగాబైట్ల ఫ్లాపీ సరుకు కొన్ని సెకన్లలో వచ్చేస్తుంది.