ఎముకలు దాచుకున్న అన్నం

చిరంజీవులు సహస్రకు, వేదాంత్‌కు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నానమ్మా క్షేమం. అక్కడ మీరూ అమ్మానాన్నలూ క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోన్‌లో సహస్ర అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. "వేల ఏళ్ల కిందటివాళ్లకి రాయడం రాదు, ఫొటోలు లేవు. వాళ్లేం తిన్నారో ఎవరు చూశారు తాతయ్యా?" అంది. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేను. అందుకే ఈ ఉత్తరం.

ఎముకలు చూశాయమ్మా.

పొయ్యి దగ్గర మాడిపోయిన గింజలు, కత్తిగాట్లు పడ్డ జంతువుల ఎముకలు, నత్తగుల్లలు తవ్వకాల్లో దొరుకుతాయి. ఊళ్లోకి ఏమేం వచ్చాయో అవి చెబుతాయి. ఎవరు ఎంత తిన్నారో చెప్పలేవు. ఆకుకూరలైతే జాడ కూడా మిగలదు. కానీ తిన్నది ఒంట్లో కలుస్తుంది కదా. ఆ సంగతిని లెక్కగా మార్చే దారి మాత్రం ఒక తప్పు లెక్కలోంచి దొరికింది. నాకు ఈ కథలో బాగా నచ్చేది అదే.

పాత వస్తువుల వయసు కట్టే కార్బన్ డేటింగ్ గురించి వినే ఉంటారు. అమెరికాలో ఒకే గుంటలో దొరికిన బొగ్గుకీ, మొక్కజొన్న కండెకీ వయసు కడితే రెండూ కలిసేవి కావు. మొక్కజొన్న సుమారు 200 ఏళ్లు చిన్నదని వచ్చేది. కొలతలో పొరపాటు లేదు, తేడా ఆ మొక్కలోనే ఉంది.

గాలిలోని కార్బన్‌లో నూటికి ఒకటి చొప్పున కాస్త బరువైన పరమాణువులుంటాయి. వాటిని కార్బన్-13 అంటాం. వరి, గోధుమ, కంది, అడవిలో చెట్లు ఆ బరువైనదాన్ని చాలావరకు వదిలేస్తాయి. మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, చెరకు గాలిని వేరే దారిలో పట్టుకుంటాయి, అవి అంతగా వదలవు. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు చెరకు ఆకుల మీద పనిచేసి ఆ దారిని విడమర్చి చెప్పారు. వయసు కట్టడానికి వాడే కార్బన్-14 కూడా ఆ దారిలోనే కాస్త ఎక్కువగా లోపలికి వెళ్తుంది. కార్బన్-14 కాలం గడిచేకొద్దీ తరిగిపోతుంది కాబట్టి, అది ఎక్కువుంటే వస్తువు చిన్నదని లెక్క వస్తుంది. కండె వయసు తక్కువగా కనబడింది అందుకే.

అప్పుడు నికొలాస్ వాన్ డెర్ మెర్వె, వోగెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకి ఒక ఆలోచన వచ్చింది. కండెలో ఈ గుర్తు ఉంటే, ఆ కండె తిన్న మనిషిలోనూ ఉండాలి కదా! ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో తినే మొక్కలు దాదాపు అన్నీ వరి జాతి దారివే. మొక్కజొన్న మెక్సికో వైపు నుంచి వచ్చిన పంట. న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన పాత అస్థిపంజరాలను వాళ్లు పరీక్షించారు. మొక్కజొన్న రాకముందు బతికినవాళ్ల ఎముకల్లో ఆ గుర్తు లేదు, తర్వాతి వాళ్లలో ఉంది. అది 1977లో అచ్చయింది.

ల్యాబ్‌లో ఏం చేస్తారో చెబుతాను. ఎముక ముక్క ఒక గ్రాము చాలు. పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే గట్టిదనమిచ్చే ఖనిజం కరిగిపోయి, మెత్తటి రబ్బరులాంటిది మిగులుతుంది. అదే కొల్లాజెన్. నానమ్మ చేసిన మేక కాళ్ల పులుసు మర్నాటికి ఫ్రిజ్‌లో జెల్లీలా గడ్డకడుతుంది చూశారా, అది కూడా కొల్లాజెన్ పనే. దాన్ని వేడినీళ్లలో కరిగించి, వడకట్టి, ఆరబెడితే దూదిలా తేలిపోయే తెల్లటి పదార్థం వస్తుంది. అందులో అర మిల్లీగ్రామును చిన్న తగరపు డొప్పలో చుట్టి కాలుస్తారు. వచ్చిన గ్యాసును మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపితే, బరువైన అణువులెన్నో తేలికవెన్నో అయస్కాంతం వేరుచేసి చూపిస్తుంది. కొల్లాజెన్ చెడిపోయిందేమోనని ముందే పరీక్షిస్తారు. చెడితే ఆ ఎముక మాట నమ్మరు. పెద్దవాళ్ల ఎముక నెమ్మదిగా మారుతూ ఉంటుంది కాబట్టి, అందులో దొరికేది ఒక పూట భోజనం కాదు, పదేళ్లకు పైబడిన తిండి.

నైట్రోజన్‌నీ ఇలాగే కొలుస్తారు. గడ్డి కంటే మేకలో, మేక కంటే దాన్ని తిన్న పులిలో బరువైన నైట్రోజన్ ఎక్కువ. ఒక్కో మెట్టుకీ వెయ్యికి మూడు, నాలుగు పాళ్లు పెరుగుతుంది. క్రొయేషియాలోని విందియా గుహలో నియాండర్తల్ అనే పాతకాలపు మానవజాతి ఎముకలు దొరికాయి. వాటిలో ఇది వేటాడే జంతువుల స్థాయిలో ఉంది. మాంసమే వాళ్ల ముఖ్యమైన తిండి అన్నమాట. ఇంకో విషయం విని మీ నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. పాలు తాగే పసిబిడ్డ ఎముకలో ఈ లెక్క తల్లి కంటే దాదాపు ఒక మెట్టు పైన ఉంటుంది. బిడ్డ తాగేది తల్లి ఒంట్లోంచి వచ్చిందే కదా. పాలు మాన్పించాక మెల్లగా దిగుతుంది. ఎప్పుడు మాన్పించారో వేల ఏళ్ల తర్వాత కూడా అంచనా కట్టవచ్చు.

ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను, మీరు పెద్దవాళ్లవుతున్నారు కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో మిసిసిపీ నది దగ్గర కహోకియా అనే పెద్ద పట్టణం ఉండేది. సుమారు వెయ్యేళ్ల నాటి ఒక మట్టిదిబ్బలో గొప్పింటివాళ్లని ఘనంగా పూడ్చారు. అదే దిబ్బలో ఒక గుంటలో యాభైమందికి పైగా పడుచు ఆడపిల్లలు వరసగా ఉన్నారు. బలి ఇచ్చారని తవ్వినవాళ్ల అభిప్రాయం. ఆంబ్రోస్, బ్యుయిక్‌స్ట్రా, క్రూగర్ అనే ముగ్గురు పరిశోధకులు 2003లో ఆ ఎముకల లెక్కలు చెప్పారు. గొప్పవాళ్లు మాంసం బాగా తిన్నారు, ఆ పిల్లల తిండి మాత్రం ఎక్కువగా మొక్కజొన్నే. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లకి ఏం పెట్టారో మాత్రం తెలిసింది. అది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మన దగ్గర ఈ పని కష్టం. మన వేడికీ వానలకీ కొల్లాజెన్ త్వరగా పాడవుతుంది. పాలమూరు ప్రాంతంలో ఉత్నూరు బూడిదదిబ్బని 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వారు. పశువుల పేడ కాలి ఏర్పడిన దిబ్బ అది. అది కొత్త రాతియుగం నాటిది. ఆ కాలపు దక్షిణాది రైతులు అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండించేవాళ్లని మాడిన గింజలు చెబుతున్నాయి. అండుకొర్రలది జొన్న దారి, ఉలవలది వరి దారి. అంటే ఎముక దొరికి, అందులో కొల్లాజెన్ నిలిచి ఉంటే, ఏది ఎక్కువ తిన్నారో చెప్పగలదు. అది లేకపోతే పంటి ఎనామెల్‌లోని కార్బన్ ఉపయోగపడుతుంది. ఒకసారి ఏర్పడ్డాక అది మారదు, కాబట్టి చిన్నప్పటి తిండి అందులో అలాగే ఉంటుంది. రాగిజావ తాగి పెరిగిన నా పళ్లకీ, ఇడ్లీలు తిని పెరిగిన మీ పళ్లకీ తేడా కనిపిస్తుందనే నా నమ్మకం.

ఉంటాను.

మీ తాతయ్య

తా.క.: ఈ ఆదివారం చికెన్ లెగ్ పీస్ తిన్నాక ఎముకని శుభ్రంగా కడిగి, గాజుసీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి. రెండు మూడు రోజులకోసారి వెనిగర్ మార్చండి. వారం పది రోజులకి తీసి వంచి చూడండి. విరగదు, వంగుతుంది. వేదాంత్ దాన్ని ముడి వెయ్యగలిగితే ఫొటో తీసి పంపమనండి.