బుగ్గ దగ్గరికి వచ్చే ముందు

నంద్యాల

చిన్నమ్మీ, బుజ్జోడా,

మొన్న ఫోనులో చిన్నమ్మి ఒక మాట అడిగింది. "అవ్వా, మహానంది గుండంలో నీళ్లు రోజూ మారుస్తారా, మా స్విమ్మింగ్ పూల్‌లో మాదిరి?" అని. అప్పుడు వంటింట్లో పొయ్యి మీద పాలు ఉన్నాయి, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ నీళ్లను ఎవరూ మార్చరు తల్లీ. రాత్రీ పగలూ అవే మారుతూ ఉంటాయి. ఒక పక్క భూమిలోంచి ఊరుతాయి, ఇంకో పక్క కాలువలో పడి పొలాలకు పోతాయి. సెలవుల్లో మీరు వస్తున్నారు, తప్పకుండా తీసుకుపోతాను. ఆ లోపల ఆ నీళ్లు ఏమిటో, ఎక్కడివో తెలుసుకుని రండి. తెలిసి దిగితే ఆ స్నానమే వేరుగా ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మీకు తెలిసిన నది తుంగభద్ర. ఎక్కడో కర్ణాటక కొండల్లో పుట్టి, హోస్పేట దగ్గర డ్యాముకు చేరి, సుంకేసుల దాటి మన కర్నూలుకు వస్తుంది. పైన వదిలితే నీళ్లు ఉంటాయి, లేకపోతే ఇసుక, బండలు. ఇప్పుడు ఏప్రిల్‌లో మీ మేడ మీద నుంచి చూస్తే కనబడేది అదే కదా. అదే నది 2009 అక్టోబరులో ఊళ్లోకి వచ్చింది. మీ నాన్న అప్పుడు మేడ మీద రాత్రంతా కూర్చున్నాడు, అడిగితే చెప్తాడు. నది అంటే అట్లా ఒక ఏడు పొంగుతుంది, ఒక ఏడు ఎండుతుంది. బుగ్గకు ఆ తొందర లేదు.

బుగ్గ అంటే చెంప అని మీ బడిలో చెప్పి ఉంటారు. మన సీమలో ఊటను కూడా బుగ్గ అంటాం. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది, లింగం కిందే నీళ్లు ఊరుతాయి కాబట్టి ఆ పేరు. కడప ఊరి మధ్యలో పారే వాగు పేరు బుగ్గవంక. నీళ్లు తక్కువున్న దేశంలో నీళ్లు పుట్టే చోటుకు ఇంత ముద్దు పేరు పెట్టుకున్నారు మన పెద్దోళ్లు. మీరు ఇంకో మాట కూడా నేర్చుకోవాలి, చెలమ. ఎండిన ఏటి ఇసుకలో చేత్తో గుంత తీస్తే కాసేపటికి నీళ్లు చేరతాయి, అదే చెలమ. మా చిన్నప్పుడు కుందేరులో చెలమ తీసి, మొదటి నీళ్లు తోడి పారబోసి, తేరిన నీళ్లు తాగేవాళ్లం. చెలమను మనం తవ్వుకోవాలి. బుగ్గ దానంతట అదే పైకి వస్తుంది.

ఎట్లా వస్తుందో చెప్తాను. మహానంది నల్లమల అంచున, కొండ పాదం దగ్గర ఉంది. వానాకాలంలో కొండ మీద పడిన వాన అంతా కిందికి ఉరికిరాదు. అడవిలో రాలిన ఆకులు, చెట్ల వేర్లు దాన్ని పట్టి ఆపుతాయి. అక్కడి నుంచి రాళ్ల పగుళ్లలోకి మెల్లగా ఇంకుతుంది. రాతి పొరల మధ్య సందులన్నీ నీళ్లతో నిండుతాయి. కొండ లోపల నిండిన నీళ్లు ఎత్తులో ఉంటాయి కాబట్టి కిందున్న నీళ్ల మీద బరువు పడుతుంది. కింద నీళ్లు ఇంకని పొర అడ్డం తగిలినప్పుడు, పోయే దారి లేక, ఎక్కడ సందు దొరికితే అక్కడ పైకి ఎగదన్నుకొస్తాయి. మేడ మీద ట్యాంకు నిండుగా ఉంటే కింది కొళాయి జోరుగా వస్తుంది చూడండి, అంతే. మన బుగ్గకు ట్యాంకు నల్లమల.

కాబట్టి మీరు మే నెలలో మునిగే నీళ్లు మే నెలవి కావు. ఎప్పటివో వానలు. మన కాళ్ల కింద రాళ్లలో నెలలో, సంవత్సరాలో నడిచి వచ్చిన నీళ్లు. చుట్టూ బోర్లు ఎండిపోయిన రోజుల్లో కూడా ఆ గుండంలో నీళ్లు చూస్తే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇంకొకటి. చలికాలం తెల్లారుజామున దిగితే ఆ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఎండాకాలం మధ్యాహ్నం దిగితే చల్లగా ఉంటాయి. నీళ్ల వేడి మారదు, మారేది గాలి వేడి. భూమి లోతుకు పోయేకొద్దీ ఎండ, చలి తగలవు. అక్కడ ఏడాది పొడవునా ఒకటే వేడి. మన ఒళ్లు బయటి గాలితో పోల్చుకుని చల్లన, వెచ్చన అంటుంది. బుజ్జోడా, థర్మామీటరు తెస్తానన్నావు కదా, తీసుకురా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూద్దాం.

మీ అత్త ఫ్లోరిడాలో ఉన్నప్పుడు నేను ఆరు నెలలు ఉండి వచ్చాను కదా. అక్కడ ఇచెటక్నీ అని ఒక నది ఉంది. వాన నీళ్లతో కాదు, బుగ్గల నీళ్లతోనే పారే నది. పొడవు ఆరు మైళ్లే, అంటే పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఒకదాని తర్వాత ఒకటి బుగ్గలు కలిసి నది అవుతుంది, చివర శాంటా ఫే అనే ఇంకో నదిలో కలుస్తుంది. నీళ్లు ఏడాదంతా 22 డిగ్రీలే. మన నేల వాళ్ల నేల కంటే వేడి, అందుకే మన బుగ్గ నీళ్లు అంత చల్లగా ఉండవు. అక్కడ కాలు పెట్టగానే నాకు జివ్వుమంది. గాలి నింపిన పెద్ద ట్యూబుల్లో కూర్చుని జనం ఆ నీటి మీద తేలుతూ పోతారు. మోటారు లేదు, తెడ్డు లేదు, నీళ్లే నడిపిస్తాయి. మీ అత్త, నేను పక్కపక్కన తేలుతూ పోయాం. అడుగున పచ్చని గడ్డి జడ మాదిరి ఊగుతూ ఉంది, దాని మధ్య చేపలు. ఒక తాబేలు మోడు మీద ఎండకు కూర్చుని మమ్మల్ని చూసింది. నీళ్లు కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

నేను తినడానికి ప్లాస్టిక్ కవర్లో బొరుగులు, చెక్కలు పెట్టుకుని పోయాను. గేటు దగ్గర అవి కారులోనే పెట్టి రమ్మన్నారు. నది మీదికి తిండి, ఒకసారి వాడి పారేసే కవర్లు, సీసాలు ఏవీ పోనివ్వరు. మొదట నాకు కష్టంగా అనిపించింది. తర్వాత మీ అత్త చెప్పింది. ఒకప్పుడు అక్కడికి వేలకొద్దీ జనం ఒకే రోజు వచ్చి, నీళ్లలో నడిచి నడిచి, అడుగున ఉన్న గడ్డంతా తొక్కి పాడుచేశారట. అప్పటి నుంచి ఎంతమందిని దింపాలో లెక్క పెట్టారు, గడ్డి మళ్లీ వచ్చింది. నేను చూసింది ఆ మళ్లీ వచ్చిన గడ్డి.

ఇంకో సంగతి విని నేను చాలా రోజులు ఆలోచించాను. అక్కడి నేల కింద సున్నపు రాయి. వాన నీటికి సున్నపు రాయి మెల్లగా కరిగి, లోపల సొరంగాలు ఏర్పడతాయి. మన బెలుం గుహలు అట్లా ఏర్పడినవే, 3 కిలోమీటర్లకు పైగా పొడవున్నవి. పోయిన ఏడు మీరు దిగి చూశారు, అడుగున పాతాళగంగ దగ్గర నీళ్లు పారుతున్నాయని చిన్నమ్మి చెవి పెట్టి వినింది కదా. ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు దూరంగా ఒక చోట నేలలోకి పోయే నీళ్లలో రంగు కలిపారు. కొన్ని రోజులకు ఆ రంగు ఇచెటక్నీ బుగ్గల్లో బయటపడింది. అంటే బుగ్గ మొదలయ్యేది బుగ్గ దగ్గర కాదు. ఎక్కడో పొలంలో, ఇంటి పెరట్లో, రోడ్డు పక్క కాలువలో మొదలవుతుంది. అక్కడి పొలాల్లో చల్లిన ఎరువు భూమిలోకి ఇంకి బుగ్గల్లోకి వస్తోంది, దానివల్ల పాచి పెరుగుతోంది అని వాళ్లు ఇప్పటికీ బాధపడుతున్నారు.

మన దగ్గర కొండంతా అడవి కాబట్టి నీళ్లు ఇంకా తేటగా ఉన్నాయి. పాడయ్యేది మనం దిగే చోటే. మెట్ల మీద షాంపూ ప్యాకెట్లు, సబ్బు కాగితాలు, నూనె జిడ్డు. కొందరు తడిబట్టలు నీళ్లలోనే వదిలేసి పోతారు, పుణ్యం వస్తుందని. నాకు అది చూస్తే నిజంగా ఏడుపొస్తుంది. ఆ కాలువ నీళ్లతోనే కింద అరటి తోటలు పండుతున్నాయి. అందుకే మీరు సబ్బు, షాంపూ తేవద్దు. ముందు రోజే తలంటు పోసుకుని రండి, తలకు నూనె రాసుకోవద్దు. అక్కడ ఒట్టి నీళ్లతో మునగడమే. గుడి కాబట్టి ఒంటి నిండా నూలు బట్టలు ఉండాలి. వెలుపల రెండు చిన్న గుండాలు ఉన్నాయి, లోపల ఒక పెద్దది ఉంది. ఎక్కడ దిగనిస్తే అక్కడే దిగుదాం, వద్దన్న చోట బతిమాలొద్దు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. బుజ్జోడా, ఇది నువ్వు రెండుసార్లు చదువు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ వాళ్లతో ఒక కోనకు పోయాం. కొండ కింద చిన్న మడుగు, నీళ్లు అద్దం మాదిరి ఉన్నాయి. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నా నడుము దాకా ఉంటాయి అనుకుని ఒడ్డు నుంచి దూకేశాను. కాళ్లకు నేల తగల్లేదు. కళ్లు తెరిస్తే పైన వెలుగు, నోట్లో నీళ్లు. మా అమ్మ చెయ్యి నా జడ దొరకబుచ్చుకుని పైకి లాగింది. ఆ నొప్పి నాకు ఇంకా గుర్తుంది, ఆ నొప్పికి నేను దండం పెట్టుకుంటాను.

ఎందుకు మోసపోయానో పెద్దయ్యాక బడిలో చదువుకున్నాను. నీళ్లలోంచి బయటికి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. అందువల్ల అడుగు ఉన్నదానికంటే పైకి కనబడుతుంది. నిట్టనిలువుగా పైనుంచి చూసినా నాలుగు వంతుల లోతు మూడు వంతులే అనిపిస్తుంది. మహానంది గుండంలో నీళ్లు దాదాపు ఐదు అడుగులు. మన కంటికి నాలుగు అడుగులు కూడా ఉన్నట్టు ఉండదు. గట్టు మీద దూరంగా నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. చిన్నమ్మి నాలుగు అడుగుల రెండు అంగుళాలు, నువ్వు మూడున్నర అడుగులు. లెక్క మీరే వేసుకోండి. బురద నీళ్లను చూస్తే ఎవరైనా భయపడతారు. తేట నీళ్లను చూసి ఎవరూ భయపడరు, అందుకే తేట నీళ్ల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి.

కాబట్టి దూకడం లేదు. తల ముందు పెట్టి దూకడం అసలే లేదు. మెట్టు మెట్టుగా, నా చెయ్యి పట్టుకుని దిగాలి. మెట్ల మీద పాచి ఉంటుంది, అరికాలు మొత్తం ఆనించి నిలబడాలి. మీ స్విమ్మింగ్ క్లాసులో ఈత వచ్చింది అన్నారు, సంతోషం. అయినా నా చెయ్యి వదలొద్దు.

గుండంలో అయితే ఇంతే. కోనల్లో, వంకల్లో ఇంకో ప్రమాదం ఉంది. మన తల మీద ఎండ కాస్తూ ఉంటుంది, కొండ మీద వాన పడుతూ ఉంటుంది. వంకలో నీళ్లు ఉన్నట్టుండి ఎర్రగా తిరిగి, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే చెప్పులు, సంచులు వదిలేసి ఒడ్డెక్కాలి. 2019 సెప్టెంబరు వానలకు మహానంది గుడి ఆవరణలోకే వరద వచ్చింది. అందుకే మేఘం పట్టిన రోజు నేను మిమ్మల్ని కోన వైపు తీసుకుపోను, మీరు ఎంత అలిగినా సరే.

ఆదివారం జనం ఎక్కువ, తోపులాట. మంగళవారమో బుధవారమో పోదాం. పొద్దున ఆరు గంటల బస్సుకు పోతే ఎండ ఎక్కకముందే చేరతాం. చిత్రాన్నం, ఊరమిరపకాయలు స్టీలు డబ్బాలో సర్దుతాను. నీళ్ల సీసాలు మీవి మీరు తెచ్చుకోండి, స్టీలువి. తిన్న తర్వాత అరటి తోట పక్కన కాలువ గట్టు మీద కూర్చుందాం. గుండంలోంచి వచ్చిన నీళ్లు ఏ మడికి ఎట్లా పోతున్నాయో అక్కడ కనబడుతుంది. చిన్నమ్మీ, నువ్వు ఒక ఎండుటాకు వదిలి దాని వెంట నడువు, ఎంత దూరం పోతుందో చూద్దువు.

రిజర్వేషన్ అయిన తర్వాత మీ నాన్నతో ఫోన్ చేయించండి. నంద్యాల బస్టాండులో చెరుకు రసం బండి దగ్గర నిలబడి ఉంటాను.

మీ అవ్వ